స్కూల్ మెసేజ్ సర్వీస్ ఏడాది వాడాం: ఎంత మిగిలింది, ఎక్కడ మిగిలింది

మల్కాజిగిరిలో ఒక మామూలు ప్రైవేట్ స్కూల్లో పదమూడేళ్లుగా ఆఫీస్ పని చూస్తున్నాను. నర్సరీ నుంచి పదో తరగతి వరకు 612 మంది పిల్లలు, ఐదు వ్యాన్లు, ఆఫీసులో నేను, నాతోపాటు ఒక అమ్మాయి, ఒక అటెండర్. 2025 జూన్‌లో తల్లిదండ్రులకి ఆటోమేటిక్‌గా మెసేజ్‌లు పంపే సర్వీస్ ఒకటి తీసుకున్నాం. పిల్లలు రాకపోతే మెసేజ్, ఫీజు గడువు దగ్గరపడితే మెసేజ్, సెలవు ఇస్తే మెసేజ్, చదువురాని వాళ్లకి రికార్డు చేసిన ఫోన్ కాల్. మొన్న ఏప్రిల్‌తో ఒక విద్యా సంవత్సరం పూర్తయింది, బిల్లులన్నీ ముందేసుకుని రెండు రోజులు కూర్చుని లెక్క కట్టాను. చుట్టుపక్కల స్కూళ్లలో నాలాగే ఆఫీస్ చూసేవాళ్లు "అక్కా, తీసుకోవచ్చా, నిజంగా డబ్బులు మిగులుతాయా" అని ఫోన్ చేస్తున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు. మేం పడ్డ ఇబ్బందుల్లో సగం ఏ కంపెనీ తీసుకున్నా వచ్చేవే.

డబ్బులు మిగిలాయి. మొదటి ఏడాది ఇరవై వేల పైచిలుకు. సేల్స్ అబ్బాయి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో చూపించిన లెక్క ప్రకారం అయితే రెండున్నర లక్షలు మిగలాలి. ఆ రెండింటికీ అంత తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే మీరు తీసుకోవాలా వద్దా అన్నది మీకే అర్థమవుతుంది.

ఆ అబ్బాయి లెక్క చాలావరకు కాగితం మీదే నడిచింది. నెలకి పదిహేను సర్క్యులర్లు, ఒక్కో పిల్లాడికి ఒక పూర్తి ఏ4 కాగితం, జిరాక్స్ రెండు రూపాయలు. మా దగ్గర అలా ఎవరు చేస్తారు? ఒక కాగితాన్ని మధ్యకి కోసి ఇద్దరికి ఇస్తాం, నెలకి ఐదారు సర్క్యులర్లకి మించవు, జిరాక్స్ ఎక్కువ మొత్తంలో వేయిస్తాం కాబట్టి కాగితంతో కలిపి రూపాయి పడుతుంది. 306 కాగితాలు, ఆరుసార్లు, పది నెలలు అంటే ఏడాదికి 18,360 రూపాయలు. అది కూడా మొత్తం ఆగిపోలేదు, ఎక్స్‌కర్షన్‌కి తల్లిదండ్రుల సంతకం కావాలి, పరీక్షల టైమ్‌టేబుల్ కాగితం మీద ఇస్తేనే గోడకి అంటించుకుంటారు. మాకు కాగితంలో మిగిలింది పద్నాలుగు వేలు. కాగితం మానేయాల్సిన కారణం వేరే ఉంది, అది చేరాల్సిన చోటికి చేరదు. పేరెంట్స్ మీటింగ్ రోజు ఒక తల్లి కూతురి బ్యాగ్ నా ముందే తిరగేస్తే అడుగున నాలుగు నెలల సర్క్యులర్లు మడతలు పడి, పప్పు మరకలతో బయటికొచ్చాయి. ఆవిడకి వాటిలో ఒక్కటీ తెలియదు.

అసలు డబ్బు పోయేది మనుషుల గంటల్లో. మా స్కూల్లో రోజుకి సగటున నలభై మంది రారు, వానాకాలం జ్వరాలప్పుడు ఇంకా ఎక్కువ. ఒక్కో ఇంటికి ఫోన్ చేయడం, ఎత్తకపోతే మళ్లీ చేయడం, ఎత్తాక "ఆ, జరంగా ఉందండీ, మీ వ్యాన్ డ్రైవర్ నిన్న లేటుగా దింపాడు" దాకా వినడం. ఫోన్ ప్యాక్ అన్‌లిమిటెడే, కానీ పొద్దున గంటన్నర ఒక మనిషి దానికే అంకితం. అదే సమయంలో కౌంటర్ దగ్గర ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. అంతకుముందు ఏడాది ఫీజు బకాయిల ఫోన్ల కోసమే ఒకమ్మాయిని ఐదు నెలలు పెట్టుకున్నాం, నెలకి పదకొండు వేలు. ఈసారి ఆ అవసరం రాలేదు. మొత్తం లెక్కలో పెద్ద ముక్క ఇదే, 55,000.

రెండో ముక్క గురించి సేల్స్ వాళ్లెవరూ మాట్లాడరు, వాళ్లకి తెలియదు కూడా. మాలాంటి చిన్న స్కూళ్లకి పదో తారీఖుకి ఫీజులు సరిగ్గా రాకపోతే టీచర్ల జీతాలు ఇవ్వడానికి కరస్పాండెంట్ సార్ బయట చేబదులు తెస్తారు. మూడు లక్షలు, రెండు రూపాయల వడ్డీ, పదిహేను రోజులు. అంటే నెలకి మూడు వేలు వడ్డీకే పోతుంది, పది నెలలకి ముప్పై వేలు. ఐదో తారీఖున ఒక మెసేజ్, తొమ్మిదో తారీఖున ఇంకొకటి, అందులోనే కట్టే లింక్. అంతే చేశాం. చాలామంది తల్లిదండ్రులకి డబ్బులు లేక ఆలస్యం కాదు, తారీఖు గుర్తులేక, లేదా స్కూల్‌కి వచ్చి లైన్లో నిలబడే తీరిక లేక. ఈ ఏడాది సార్ చేబదులు తెచ్చింది మూడు నెలలే. ఇరవై ఒక్క వేలు అక్కడ మిగిలాయి.

ఫీజు మెసేజ్ గురించి ఇంకో మాట చెప్పాలి, దీనికి రూపాయల్లో లెక్క లేదు. ఇదివరకు బకాయి చీటీ పిల్లల డైరీలో పెట్టి పంపేవాళ్లం. ఆ చీటీ ఇస్తున్నప్పుడు పక్క పిల్లలు తొంగి చూస్తారు, చీటీ అందుకున్న పిల్లాడు దాన్ని చటుక్కున జేబులో కుక్కేస్తాడు. పదమూడేళ్లు నా చేత్తో ఆ చీటీలు రాశాను, ప్రతిసారీ మనసుకి కష్టంగానే ఉండేది. ఇప్పుడు డబ్బుల సంగతి పెద్దవాళ్ల ఫోన్‌కే వెళ్తుంది, పిల్లల చేతికి ఏమీ వెళ్లదు. ఈ సర్వీస్‌లో మిగతావన్నీ చెడిపోయినా ఈ ఒక్కదాని కోసం నేను దీన్ని వదులుకోను.

ఇక ఖర్చు సంగతి. సాఫ్ట్‌వేర్‌కి పిల్లాడికి ఏడాదికి 35 రూపాయలు, మొత్తం 21,420. దానిమీద 18 శాతం జీఎస్టీ. స్కూల్ ఫీజుల మీద జీఎస్టీ లేదు కాబట్టి మనం కట్టిన జీఎస్టీ మనకి తిరిగి రాదు, అది పూర్తిగా ఖర్చే. కంపెనీలు కొటేషన్‌లో "ప్లస్ జీఎస్టీ" అని చిన్నగా రాస్తాయి, మన లెక్కలో దాన్ని పెద్దగానే రాసుకోవాలి. కలిపితే 25,276. పైన ఎస్సెమ్మెస్ ప్యాక్, లక్ష క్రెడిట్లు (ఒక్కో ఎస్సెమ్మెస్‌కి ఒక క్రెడిట్ పోతుంది), ఒక్కోటి 16 పైసలు, జీఎస్టీతో 18,880.

"లక్ష అంటే మీకు ఏడాది పైనే వస్తుంది మేడం" అన్నారు. ఆగస్టు 14న అయిపోయింది. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, పిల్లలు తెల్ల డ్రెస్సులో ఏడున్నరకల్లా రావాలని మధ్యాహ్నం మెసేజ్ పెడితే స్క్రీన్ మీద బ్యాలెన్స్ సున్నా అని వచ్చింది. ఆ సాయంత్రం పాతపద్ధతిలో ముగ్గురం కూర్చుని ఫోన్లు చేశాం, రాత్రి తొమ్మిదిన్నర అయింది. జూన్ 12న బడులు తెరిచారు, రెండు నెలల్లో లక్ష మెసేజ్‌లు ఎలా పంపాం? రిపోర్టు తీసి చూస్తే అందరికీ కలిపి పంపినవి ఇరవై అయిదే.

కారణం మన భాష లెక్కలో ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. ఇంగ్లిష్‌లో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో అయితే 70. డెబ్బై దాటగానే ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో ముక్కకి 67 చొప్పున. ఇక్కడ అక్షరం అంటే మనం చదివే అక్షరం అనుకోకండి. గుణింతం విడిగా లెక్క, ఒత్తు విడిగా, ఒత్తు ముందు వచ్చే పొల్లు గుర్తు (్) కూడా విడిగా, సున్నా కూడా విడిగా. "స్త్రీ" అన్నది మనకి ఒక అక్షరం, ఫోన్ కంపెనీకి ఆరు. మా మెసేజ్‌లన్నీ "గౌరవనీయులైన తల్లిదండ్రులకు" అని మొదలయ్యేవి, మర్యాదగా ఉంటుందని నేనే రాయించాను. ఆ రెండు మాటలకే మధ్యలో ఖాళీతో కలిపి 26 అయిపోతాయి. అసలు విషయం మొదలుకాకముందే మొదటి ముక్కలో మూడో వంతు పైన ఖర్చయిపోయింది. కింద "ఇట్లు, ప్రధానోపాధ్యాయులు", స్కూల్ పూర్తి పేరు, ఊరు. ప్రతి మెసేజ్ మూడు ముక్కలు. పైగా తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వెళ్లేలా పెట్టాం. 1,224 నంబర్లు, మూడేసి క్రెడిట్లు, ఒక్కసారి బటన్ నొక్కితే 3,672 క్రెడిట్లు. ఇరవై అయిదు సార్లకి 91,800 అక్కడే పోయాయి, మిగిలినవి ఆబ్సెంట్ మెసేజ్‌లకి, ఫీజు మెసేజ్‌లకి సరిపోయాయి.

మర్నాడు జెండా వందనం అయ్యాక మా తెలుగు మేడం, నేను కూర్చుని ప్రతి మెసేజ్‌నీ కత్తిరించాం. "రేపు వర్షం కారణంగా బడికి సెలవు." మొత్తం 31. స్కూల్ పేరు పొట్టిగా కలిపినా డెబ్బై లోపే. "ఈరోజు బడికి రాలేదు" ముందు పిల్లాడి పేరు, అంతే. మెసేజ్ చిన్నదైతే అమర్యాద అనుకుంటారేమోనని భయపడ్డాను, ఒక్కరూ అనలేదు, ఒక తండ్రి అయితే "ఇప్పుడు మంచిగ అర్థమైతాంది మేడం" అన్నాడు. ఇంకో సూచన, కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేసినప్పుడు కొన్ని చోట్ల కంటికి కనపడని గుర్తులు దూరతాయి, "స్కూల్‌కి" లాంటి మాటల్లో, వాటినీ లెక్కేస్తారు. అందుకే మేం "బడికి" అని రాస్తున్నాం. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఎవరి నంబర్‌కి పంపాలో వాళ్లనే చెప్పమన్నాం. అందరికీ పంపే మెసేజ్ 3,672 నుంచి 612 క్రెడిట్లకి దిగింది. ఆరో వంతు. తర్వాత కొన్న యాభై వేల క్రెడిట్లు, జీఎస్టీతో 10,030 రూపాయలవి, ఏప్రిల్ దాకా వచ్చి ఇంకా కొన్ని మిగిలాయి. కంపెనీ వాళ్లకి ఇదంతా ముందే తెలుసు. కొనేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, వాళ్ల మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే.

మొదలుపెట్టేముందు డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ ఒకటి ఉంటుంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల కింద, మెసేజ్‌లు పంపే ప్రతి సంస్థా టెలికాం కంపెనీ పోర్టల్‌లో నమోదు కావాలి, పంపేవాళ్ల పేరుగా కనిపించే హెడర్ ఒకటి తీసుకోవాలి, ఏ మెసేజ్ పంపాలన్నా దాని నమూనా ముందే ఆమోదం పొందాలి. ఆమోదించిన నమూనాకి ఒక్క మాట తేడా వచ్చినా మెసేజ్ వెళ్లదు. 2021 మార్చిలో దీన్ని గట్టిగా అమలు చేసినప్పుడు బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయాయి, ట్రాయ్ వారం రోజులు వాయిదా వేయాల్సి వచ్చింది, గుర్తుండే ఉంటుంది. మేం కట్టింది జీఎస్టీతో 5,900. డబ్బు కన్నా దీనికి పట్టే రోజులు ఎక్కువ. మాలా సొసైటీ కింద నడిచే స్కూళ్లకి పాన్ కార్డు సొసైటీ పేరు మీద ఉంటుంది, స్కూల్ బోర్డు మీద పేరు వేరే. స్కూల్ పేరుతో హెడర్ అడిగితే "మీ సంస్థ పేరుకీ దీనికీ సంబంధం ఏంటి" అని తిరగ్గొట్టారు, రెండుసార్లు. గుర్తింపు పత్రం, సొసైటీ తీర్మానం, సార్ సంతకంతో లెటర్ పెడితే మూడోసారి వచ్చింది. ఏప్రిల్, మేలలోనే ఈ పని పెట్టుకోండి, జూన్‌లో అడ్మిషన్ల హడావిడిలో పెట్టుకోవద్దు. "అదంతా ఎందుకు మేడం, మా హెడర్ మీద పంపేద్దాం" అని కంపెనీ అంటుంది. వద్దు. రేపు కంపెనీ మారితే హెడర్ వాళ్లతోనే పోతుంది, ముక్కూమొహం తెలియని పేరుతో ఫీజు లింక్ వస్తే తల్లిదండ్రులు మోసం అనుకుని నొక్కరు, నొక్కకూడదు కూడా. 2024 అక్టోబర్ నుంచి మెసేజ్‌లో పెట్టే లింక్‌లని కూడా ముందే నమోదు చేయించాలి. మాకు ఆ సంగతి తెలియక జులై ఫీజు మెసేజ్ ఒక్కటంటే ఒక్కటీ వెళ్లలేదు.

వాట్సాప్ గురించి అందరూ అడుగుతారు. ఉచితంగా గ్రూపులున్నాయి కదా, ఈ ఖర్చంతా ఎందుకు అని. నాలుగేళ్లు క్లాసుకో గ్రూపు నడిపాం. రోజూ శుభోదయాలు, చీటీల ప్రకటనలు, ఒకసారి ఏడో తరగతి గ్రూపులో ఇద్దరు తండ్రులు రాత్రి పన్నెండింటికి గొడవపడ్డారు. ఆ నంబర్లన్నీ అందరికీ కనిపిస్తాయి, ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు గ్రూపులోంచి నంబర్లు ఎత్తి అందరికీ ఫోన్లు చేశారు, తల్లిదండ్రులు వచ్చి మమ్మల్ని నిలదీశారు. ఇప్పుడు సర్వీస్ ద్వారా వాట్సాప్‌లో ఎవరికి వాళ్లకే వెళ్తుంది. అయితే ఇందులోనూ ఒక కిటుకుంది. వాట్సాప్ మెసేజ్‌లని రకాలుగా విడదీస్తుంది, రసీదు, హాజరు లాంటి సమాచారం ఒక రేటు, ప్రచారం ఇంకో రేటు. మా బిల్లులో సమాచారానికి ఇరవై పైసలు పడితే ప్రచారానికి రూపాయి పడింది. జనవరిలో సార్ సరదాపడి ఫీజు రసీదు కింద "అడ్మిషన్లు ప్రారంభం" అని ఒక లైను చేర్చమన్నారు, దాంతో ఆ రసీదు మొత్తం ప్రచారం లెక్కలోకి వెళ్లిపోయింది. నెలాఖరు బిల్లు చూశాక ఆ లైను తీసేశాం.

ఇక ఫోన్ కాల్స్. నాకు ఈ సర్వీస్‌లో బాగా నచ్చింది ఇదే, కంపెనీ మాత్రం దీన్ని చివర్లో ఏదో ఉంది అన్నట్టు చూపించింది. మా స్కూల్లో తల్లిదండ్రులు తెలుగు, ఉర్దూ, హిందీ, కొందరు ఒడియా మాట్లాడతారు. పిల్లల్ని చూసుకునేది చాలా ఇళ్లలో నానమ్మలు, అమ్మమ్మలు, మెసేజ్ వస్తే మనవడే చదివి చెప్పాలి. "ఈరోజు బడికి రాలేదు" అన్న మెసేజ్ ఆ మనవడే చదివి వినిపిస్తే ఏం లాభం? అలాంటివాళ్లకి మొదట కంప్యూటర్ గొంతుతో కాల్ వెళ్లేది, అర్థం కాక సగంలో పెట్టేసేవాళ్లు. దసరా సెలవుల తర్వాత మా తెలుగు మేడం గొంతుతో తెలుగులో, లెక్కల సార్ గొంతుతో ఉర్దూలో రికార్డు చేయించాం. ఆఫీస్ తలుపులేసి, ఫ్యాన్ ఆపి, ఫోన్‌లోనే. ముప్పై సెకన్లు దాటితే రెండు కాల్స్ కింద లెక్క కాబట్టి 27 సెకన్లకి కుదించాం. చివరిదాకా వినేవాళ్లు ఎంతమందో రిపోర్టులో కనిపిస్తుంది, ముందు సగం కూడా ఉండేవాళ్లు కాదు, ఇప్పుడు ఎక్కువమంది పూర్తిగా వింటున్నారు. ఒక అమ్మమ్మ అయితే గేటు దగ్గర తెలుగు మేడం చెయ్యి పట్టుకుని "నువ్వేనా బిడ్డా నాకు ఫోన్ జేసేది" అని అడిగింది. కాల్స్‌కి, వాట్సాప్‌కి కలిపి ఏడాదికి 9,400 అయింది.

సెప్టెంబర్‌లో జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. టీచర్లు 9:15కి ఫోన్‌లో హాజరు వేస్తారు, 9:20కి ఆబ్సెంట్ మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది. ఆ రోజు వాన, నేరేడ్‌మెట్ వ్యాన్ సఫిల్‌గూడ రైల్వే గేటు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని 9:25కి వచ్చింది. ఆ వ్యాన్‌లో వచ్చే పధ్నాలుగు మంది ఇళ్లకీ "ఈరోజు బడికి రాలేదు" అని వెళ్లిపోయింది. పదింటికి ఒక తల్లి ఆటో దిగి, డబ్బులు కూడా ఇవ్వకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు. "నేనే ఎక్కించిన మేడం, నా చేత్తోని వ్యాన్ ఎక్కించిన, పోరడు ఏడికి పోయిండు" అంటోంది, గొంతు పెగలడం లేదు. పిల్లాడు పైన నాలుగో తరగతిలో హిందీ నోట్సు రాసుకుంటున్నాడు. కిందికి పిలిపించాం, వాణ్ని పట్టుకుని ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది. అటెండర్ వెళ్లి ఆటో డబ్బులు ఇచ్చొచ్చాడు. ఆవిడ మంచినీళ్లు తాగి మామూలు మనిషి అయ్యేసరికి అరగంట పట్టింది, నాకు ఆ రోజంతా చేతులు వణికాయి.

ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి ఆబ్సెంట్ మెసేజ్ దానంతటదే వెళ్లకూడదు, ఆఫీసులో ఒక మనిషి చూసి నొక్కితేనే వెళ్లాలి అన్నాను. మా ప్లాన్‌లో ఆ సదుపాయం లేదన్నారు, పై ప్లాన్ తీసుకోమన్నారు. రెండు వారాలు వాదించాక ఉచితంగా పెట్టారు. ఇప్పుడు వ్యాన్లన్నీ వచ్చాయని డ్రైవర్లు చెప్పాక, పావుతక్కువ పదికి మా ఆఫీస్ అమ్మాయి లిస్టు చూసి నొక్కుతుంది. ఐదు నిమిషాల పని. పిల్లల విషయంలో ఆ ఐదు నిమిషాలు ఆదా చేయాలని ఎవరూ చూడకండి. అదే మెసేజ్ నవంబర్‌లో మేలు కూడా చేసింది, తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు ఇంట్లో బడికని చెప్పి గ్రౌండ్‌కి పోయారు, పదకొండు కొట్టకముందే తండ్రులు ఇద్దర్నీ తీసుకొచ్చి క్లాసులో కూర్చోబెట్టారు.

నంబర్ల సంగతి. మొదటి డెలివరీ రిపోర్టులో 87 మంది నంబర్లు తప్పని తేలింది. కొన్ని అడ్మిషన్ అప్పటివి, ఆరేడేళ్ల పాతవి. వాడకుండా వదిలేసిన నంబర్‌ని తొంభై రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, అలా మన పిల్లల కబుర్లు ఎవరికో వెళ్తుంటాయి. కరీంనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేసి "నాకు పెళ్లే కాలేదండీ, నా కూతురు బడికి రాలేదంటారేంటి" అన్నారు, పాపం మర్యాదగానే మాట్లాడారు. డబ్బు దండగ ఒకటి, ఆడపిల్ల పేరు, క్లాసు తెలియని మనిషికి చేరడం ఇంకొకటి, నాకు రెండోదే ఎక్కువ భయం. ఇప్పుడు ప్రతి పేరెంట్స్ మీటింగ్‌కి గేటు పక్కనే ఒక టేబుల్ వేసి, నంబర్ చూపించి సంతకం చేయించుకుని లోపలికి పంపుతున్నాం.

ఇదే సందర్భంలో, కంపెనీల్ని ఎంచుకునేటప్పుడు ఒకళ్లు డెమో అంటూ వేరే స్కూల్ అకౌంట్ తెరిచి చూపించారు. పిల్లల పేర్లు, తల్లుల నంబర్లు, ఎవరెంత బాకీ, అన్నీ స్క్రీన్ మీద. రేపు మా పిల్లల లిస్టు ఇంకో స్కూల్లో ఇలాగే తెరుస్తారు కదా? టీ ఇచ్చి పంపించేశాం, వాళ్ల రేటు మిగతావాళ్ల కన్నా తక్కువే అయినా. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, సమాచారానికి సరైన భద్రత లేక బయటికి పొక్కితే 250 కోట్ల దాకా జరిమానా ఉంది, దాని నియమాలు కూడా 2025 నవంబర్‌లో వచ్చేశాయి. డేటా ఎక్కడ పెడతారు, ఎవరు చూడగలరు, మానేశాక చెరిపేస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

వాన సెలవుల గురించి చెప్పకపోతే హైదరాబాద్‌లో ఈ సర్వీస్ గురించి చెప్పినట్టే కాదు. 2024లో సెప్టెంబర్ 2న వర్షాలకి బడులకి సెలవు ఇచ్చారు, ముందురోజు ఆదివారం. అప్పటికి మాకు ఈ సర్వీస్ లేదు. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పక్కన పెట్టుకుని ఫోన్లు చేశాను, గ్రూపుల్లో పెట్టినా "నిజమేనా మేడం" అని ఒక్కొక్కరు మళ్లీ ఫోన్. మర్నాడు పొద్దున అయినా పదకొండు మంది పిల్లలు రెయిన్‌కోట్లతో గేటు దగ్గర నిలబడ్డారు. పోయిన వానాకాలంలో సెలవు చెప్పిన పది నిమిషాల్లో అందరికీ మెసేజ్, చదవలేనివాళ్లకి కాల్. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు, వ్యాన్లు ఊరికే తిరిగి డీజిల్ తగలేయలేదు. దీన్ని లెక్కలో వేయలేదు, ఏడాదికి ఎన్ని వాన సెలవులు వస్తాయో ఎవరు చెప్పగలరు.

మొత్తం కలిపితే ఖర్చు 69,486. మిగిలింది కాగితంలో 14,000, జీతంలో 55,000, వడ్డీలో 21,000, అంటే 90,000. తేడా 20,514. వచ్చే ఏడాది డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండదు, క్రెడిట్లు యాభై వేలు చాలు, కాబట్టి ఖర్చు నలభై అయిదు వేల లోపే ఉంటుంది, మిగిలేది రెట్టింపు పైనే. రెండు వందల లోపు పిల్లలున్న స్కూల్ అయితే ఇంత పెద్ద సర్వీస్ అక్కర్లేదని నా అభిప్రాయం, ఫోన్లు చేసుకోవడమే చౌక. ఐదు వందలు దాటితే తప్పకుండా తీసుకోవచ్చు. మా కంపెనీకి ఐదుకి మూడున్నర ఇస్తాను, సాఫ్ట్‌వేర్ బాగుంది, ఫోన్ చేస్తే పలుకుతారు, కొనేముందు మాత్రం నోరు విప్పరు.

రెన్యువల్ కాగితం పదిరోజులుగా నా టేబుల్ మీద ఉంది. మూడు షరతులు పెట్టాను. ఆబ్సెంట్ మెసేజ్ మనిషి నొక్కితేనే వెళ్లాలి, అది రాతపూర్వకంగా కావాలి. క్రెడిట్లు పది వేలకి దిగగానే నా ఫోన్‌కి చెప్పాలి. కాల్స్‌తో పాటు ఎస్సెమ్మెస్ కూడా ఉర్దూలో వెళ్లేలా నమూనాలు ఆమోదం చేయించి ఇవ్వాలి. మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు. మూడోది బడులు తెరిచేలోగా చేస్తామంటున్నారు. మా లెక్కల సార్ ఫోన్‌కి ఉర్దూ మెసేజ్ వచ్చి, ఆయన చదివి సరిగ్గా ఉందన్నాక సంతకం పెడతాను.